ఉగాదికి మారిషస్ వెళ్తున్నారా? వేప పువ్వు ఇంట్లోనే వదిలేయండి

మా అమ్మ నా సూట్‌కేసులో పెట్టిన సామాను ఇది: అరకిలో కొత్త చింతపండు, ఒక బెల్లం ముద్ద, రెండు పచ్చి మామిడికాయలు, తడిగుడ్డలో చుట్టిన వేప పువ్వు, గుమ్మానికి కట్టడానికి మామిడాకులు. "ఆడ దొరుకుతయో లేవో బిడ్డా. పండుగ పూట వట్టి చేతులతోని పోతరా ఎవరన్నా?" అంది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట దగ్గరి చెట్టు నుంచి నాన్న పొద్దున్నే కోసుకొచ్చిన పువ్వు అది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ఆ సంచి మారిషస్ ఎయిర్‌పోర్టు దాటలేదు. కస్టమ్స్ దగ్గర ఆఫీసరు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టి, చాలా మర్యాదగానే, అన్నీ పక్కకు తోసేశారు. ఫారంలో ముందే నిజం రాశాను కాబట్టి ఫైన్ పడలేదు. బెల్లం ఒక్కటి తిరిగి చేతికిచ్చారు. చెరకు పండించి ప్రపంచానికి చక్కెర అమ్మే దేశానికి చివరికి నేను మోసుకెళ్లింది బెల్లం!

ఆ ప్రయాణంలో నేను చేసిన రెండు తప్పుల్లో ఇది చిన్నది. పెద్ద తప్పు ఫోన్‌తో చేశాను. ఆ రెండూ మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నా.

అక్కడ ఉగాది ఏంటి?

మారిషస్ అంటే హనీమూన్ ప్యాకేజీ, నీలం సముద్రం. నాకూ అంతే తెలుసు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో రూమ్మేట్ దొరికేదాకా. తను స్కాలర్‌షిప్ మీద హైదరాబాద్‌కు చదువుకోవడానికి వచ్చిన మారిషస్ అమ్మాయి. పేరు చూస్తే మన పేరే. మాట్లాడితే మాత్రం బడిలో నేర్చుకున్న పుస్తకాల తెలుగు. "నేను భోజనము చేసితిని" అన్నట్టుండేది. ఒక ఉగాదికి తనని 277 బస్సెక్కించి మా ఊరికి తీసుకొచ్చాను. అమ్మ కుండలో కలిపిన పచ్చడి రెండు గ్లాసులు తాగి, భక్ష్యాలు తిని, "వచ్చే ఉగాది మా ఇంట్లో" అని మాట తీసుకుంది.

మారిషస్ దీవి మన రంగారెడ్డి జిల్లాలో సగం కూడా ఉండదు. జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. అయినా అక్కడ ఉగాది దేశమంతటికీ ప్రభుత్వ సెలవు. తెలుగు వాళ్లకే కాదు, అందరికీ. ఆ సెలవు వెనక పెద్ద కథ ఉంది.

బ్రిటిష్ వాళ్లు బానిసత్వాన్ని రద్దు చేస్తున్న రోజులవి. చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలి. 1834 నుంచి మన దేశంలోని పేదలను ఒప్పందం మీద కూలీలుగా ఓడలెక్కించారు. కొన్ని దశాబ్దాల్లో నాలుగున్నర లక్షల మందికి పైగా అలా దిగారు. అందులో తెలుగు వాళ్లు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి కూడా వెళ్లారు. అందుకే అక్కడ మన వాళ్లను చాలాకాలం "కోరంగీలు" అన్నారు. ఎక్కువమంది ఉత్తర కోస్తా, గోదావరి వైపు వాళ్లు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామ భజన, ఉగాది తమతోపాటు తీసుకెళ్లారు. తరాలు మారేకొద్దీ ఇంట్లో మాట క్రియోల్‌కు మారిపోయింది. పండుగలు మాత్రం నిలిచాయి. బడుల్లో పిల్లలు తెలుగు ఒక సబ్జెక్టుగా చదువుకుంటారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా మారిషస్‌లోనే.

టికెట్ బుక్ చేసే ముందు

ముందు తేదీ. ఉగాది 2026లో మార్చి 19న, 2027లో ఏప్రిల్ 7న. అక్కడి ప్రభుత్వ సెలవుల జాబితాతో ఒకసారి సరిచూసుకుని, పండుగకు కనీసం రెండు రోజుల ముందు దిగేలా బుక్ చేసుకోండి. హైదరాబాద్ నుంచి ముంబై, అక్కడి నుంచి ఆరు గంటల ప్రయాణం. ఇబ్రహీంపట్నం వాళ్లకు ఒక సుఖం ఉంది. బొంగులూరు దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కితే సిటీ ట్రాఫిక్‌తో పని లేకుండా శంషాబాద్‌లో దిగొచ్చు.

టూరిస్టుగా వెళ్లే భారతీయులకు ముందే వీసా తీసుకునే పని లేదు. అలాగని పాస్‌పోర్టు ఒక్కటే జేబులో పెట్టుకుని వెళ్లకండి. తిరుగు టికెట్, ఉండే చోటు వివరం, ఖర్చులకు డబ్బు ఉన్నట్టు రుజువు చూపించమంటారు. నాలాగా ఎవరింట్లోనైనా ఉండబోతుంటే, వాళ్ల అడ్రసు, ఫోన్ నంబరుతో ఒక లెటర్ తీసుకుని ప్రింట్ పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయిన వాడికి ఇమిగ్రేషన్ క్యూలో దేవుడు కూడా సాయం చేయడు.

బయలుదేరే ముందు ఆన్‌లైన్‌లో నింపాల్సిన ట్రావెల్ ఫారం ఒకటుంది. ప్రభుత్వ సైటులో అది ఉచితం. గూగుల్‌లో వెతికితే డబ్బులడిగే సైట్లు కూడా పైన కనిపిస్తాయి, జాగ్రత్త. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి వారం ముందు ఇవన్నీ మళ్లీ ఒకసారి చూసుకోండి.

సూట్‌కేసులో ఏం ఉండాలి, ఏం వద్దు

మొక్కలు, విత్తనాలు, పళ్లు, పూలు, ఆకులు వద్దు. చిన్న దీవి అది. బయటి నుంచి ఒక్క పురుగు దిగినా తోటలకు తోటలు పోతాయి. అందుకే వాటికి ముందుగా పర్మిట్ ఉండాలి. ఈ నియమం మారిషస్‌ ఒక్కదానిదే కాదు. అమెరికాలో బతుకమ్మకని తంగేడు పూలు, ఆస్ట్రేలియాలో బోనాలకని వేప మండలు సూట్‌కేసులో సర్దే అమ్మలందరికీ ఇదే చెప్పాలి. ఏదైనా తినే వస్తువు ఉంటే ఫారంలో దాచకుండా రాయండి. రాస్తే వస్తువు పోతుంది, దాస్తే డబ్బు, పరువు రెండూ పోతాయి.

మందులు డాక్టరు చీటీతో, షీటు కత్తిరించకుండా తీసుకెళ్లండి. నిద్రమాత్రలు, కొన్ని రకాల గట్టి నొప్పి మాత్రల విషయంలో అక్కడ చాలా కఠినంగా ఉంటారు. ప్లాస్టిక్ కవర్ల మీద నిషేధం ఉంది, గుడ్డ సంచి మేలు. ప్లగ్ పాయింట్లు మన లాంటివి కావు, అడాప్టర్ పెట్టుకోండి. యూపీఐ 2024 ఫిబ్రవరిలో అక్కడ మొదలైంది. అలాగని ప్రతి బండి దగ్గరా స్కానర్ ఉంటుందని నమ్ముకోకుండా కొంత మారిషస్ రూపాయల్లో నగదు ఉంచుకోండి. టైమ్ మనకంటే గంటన్నర వెనక. అమ్మకు వీడియో కాల్ చేసేటప్పుడు అది గుర్తుండాలి.

ఇంకోటి, తుపాను. ఉగాది వచ్చేది అక్కడ తుపానుల కాలంలోనే. హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి. మూడో నంబరు ఇచ్చారంటే బస్సులు ఆగిపోతాయి, అందరూ ఇళ్లలోనే ఉండాలి. "ఏం కాదులే, బీచ్‌లో ఒక్క సెల్ఫీ" అనొద్దు. తిరుగు టికెట్‌కూ, ఆఫీసులో చేరే రోజుకూ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

బట్టల్లో ఒక మంచి చీర లేదా పంచె తప్పనిసరి. నేను జీన్స్, కుర్తీలు తీసుకెళ్లాను. పండుగ పొద్దున ఆ ఇంట్లో పదేళ్ల పిల్ల కూడా పట్టు లంగాలో ఉంటే, ఇండియా నుంచి వచ్చిన నేను కాలేజీకి పోయేదానిలా నిలబడ్డాను.

పండుగ రోజు

మనకు ఉగాది అంటే వసంతం. కోయిల, మామిడి పూత. అక్కడ భూమధ్యరేఖ దాటి కిందికి వెళ్తాం కాబట్టి అప్పుడు వేసవి ముగిసే కాలం. మామిడి కాపు దాదాపు అయిపోయి ఉంటుంది. రోడ్డుకు రెండు వైపులా చెరకు మాత్రం మనిషికంటే ఎత్తు పెరిగి ఉంటుంది. కోత జూన్‌లో మొదలవుతుంది. నేనున్న ఇంట్లో పచ్చడికి వేప పువ్వు దొరకలేదు. లేత వేపాకు రెండు రెబ్బలు సన్నగా తరిగి వేశారు. చేదు చేదే కదా! మోసుకెళ్లిన వేప పువ్వు పోయిందని రెండు రోజులు బాధపడ్డాను. పచ్చడి నోట్లో పడ్డాక ఆ బాధ పోయింది. వాళ్లు మా వేప పువ్వు కోసం ఎదురు చూస్తూ కూర్చోలేదు. ఏళ్ల తరబడి తమకు దొరికిన దానితోనే ఉగాది చేసుకుంటూ వచ్చారు.

గుడికి వెళ్లాక, ఇంటికొచ్చాక, ఎవరు ఏం చేస్తున్నారో చూసి అదే చేయండి. చెప్పులు ఎక్కడ విప్పుతున్నారు, ఎవరు ముందు కూర్చుంటున్నారు, ఎప్పుడు లేస్తున్నారు. ఆ ఇంట్లో పండుగకు ముందు కొన్ని రోజుల నుంచే మాంసం, మందు ముట్టలేదు. అతిథి కూడా అంతే ఉండాలి. మధ్యాహ్నం అరటాకులో ఏడు కూరలు వడ్డించారు. క్రియోల్‌లో దాన్ని "సెట్ కారీ" అంటారు. మన పప్పన్నానికీ దానికీ చుట్టరికం ఉంది కానీ రుచి వేరు. "మా దగ్గర ఇలా కాదు, అలా చేస్తారు" అనే వాక్యం నోటిదాకా వస్తుంది. మింగేయండి.

నాలుగు ముక్కలు క్రియోల్ నేర్చుకుని వెళ్లండి. బోంజూర్ అంటే నమస్తే. మెర్సీ అంటే థాంక్యూ. కి మాన్యేర్ అంటే ఎలా ఉన్నారు? ఆటో అన్నతో మాట్లాడినట్టు ఇంగ్లిష్‌లో అరవడం కంటే ఇది చాలా పని చేస్తుంది.

నేను చేసిన పెద్ద తప్పు

ఇక అసలు విషయం. ఉగాదికి ముందటి శనివారం ఊళ్లో రామ భజన జరిగింది. మధ్యలో దీపం పెట్టి, చుట్టూ గుండ్రంగా తిరుగుతూ పాడారు. కొందరి చేతుల్లో నోటు పుస్తకాలు, వాటిలో తెలుగు పాట ఇంగ్లిష్ అక్షరాల్లో. తాతల నుంచి విన్నది విన్నట్టు రాసుకున్నారు. కొన్ని మాటలు అరిగిపోయి, వాటి అర్థం పాడేవాళ్లకే తెలియదు. అయినా ఒక్కరూ గొంతు తగ్గించలేదు.

భజన అయ్యాక మా ఫ్రెండ్ వాళ్ల అమ్మమ్మ నన్ను పక్కకు పిలిచి, ప్లేటు చేతికిచ్చి, "కూకో, మాంజే" అంది. కూకో అంటే కూర్చో. మాంజే అంటే క్రియోల్‌లో తిను. నాకు నవ్వు ఆగలేదు. ఫోన్ తీసి, "అమ్మమ్మా, మళ్లీ చెప్పండి" అని అడిగాను. ఆమె సంబరంగా మళ్లీ చెప్పింది. "తెలుగు లైట్ వెర్షన్" అని క్యాప్షన్ పెట్టి, పగలబడి నవ్వే బొమ్మలు రెండు తగిలించి రీల్ వేశాను. రాత్రికి వేలల్లో వ్యూస్. కామెంట్ల నిండా నవ్వులే.

పొద్దున్నే ఫ్రెండ్ ఫోన్ పట్టుకుని వచ్చింది. కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది.

"మా అమ్మమ్మకు ఉన్న తెలుగు మొత్తం అంతే. పది, పదిహేను మాటలు. వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుంది. ఇండియా నుంచి మనవరాలు వచ్చిందని, ఆ మాటలన్నీ ఏరి దాచిపెట్టి నీకు చెబుతోంది. నువ్వు నవ్వావు."

నేనేదో సర్దిచెప్పబోయాను. తను ఆపింది. "మీ ఇంట్లో మీ అమ్మ 'పరేషాన్ గాకు' అంటుంది. 'జర ఆగు' అంటుంది. అది తెలుగేనా అని నేను అడిగానా?"

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకంటే మాకు ఈ దెబ్బ తెలుసు. మా యాసను సినిమాల్లో ఏళ్ల తరబడి రౌడీలకు, కామెడీ వాళ్లకు పెట్టారు. కాలేజీలో నేను నోరు తెరిస్తే "మళ్లీ అనవే" అని అడిగి నవ్విన వాళ్లున్నారు. ఆ నవ్వు తట్టుకోలేక కొన్నాళ్లు క్లాసులో ఇంగ్లిష్ తప్ప మాట్లాడలేదు. అంతా తెలిసి, అదే "మళ్లీ చెప్పండి" నేను ఇంకొకరితో అన్నాను.

రీల్ డిలీట్ చేశాను. అప్పటికే ఎవరెవరు డౌన్‌లోడ్ చేసుకున్నారో దేవుడికి తెలియాలి. ఫోన్‌తో వచ్చే చిక్కే అది. చేసింది చెరిపేయొచ్చు, కానీ వెనక్కి తీసుకోలేం.

కాబట్టి పరాయి దేశంలో పండుగకు వెళ్లే ఎవరికైనా నా అసలు సలహా ఇదొక్కటే. అది డల్లాస్‌లో బతుకమ్మ కానివ్వండి, లండన్‌లో బోనాలు కానివ్వండి, పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లినట్టు వెళ్లకండి. మీ భాష, మీ దేవుడు, మీ పచ్చడి కనిపిస్తున్నాయి కదా అని అది మీ పండుగ అయిపోదు. అది వాళ్లది. మీరు అతిథి. ముఖాలు కనిపించే వీడియో తీసేముందు అడగండి. పెట్టేముందు ఇంకోసారి అడగండి, క్యాప్షన్ కూడా చదివి వినిపించండి. వాళ్ల ముందు చదవడానికి మొహమాటపడే క్యాప్షన్ అయితే అది పెట్టకూడనిదే. పిల్లల వీడియోలకైతే తల్లిదండ్రులనే అడగాలి.

బీచ్ కంటే ముందు చూడాల్సినవి

ఆ మధ్యాహ్నం ఫ్రెండ్ నన్ను పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్‌కు తీసుకెళ్లింది. 1849లో కూలీలను దించడానికి కట్టిన డిపో అది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రేవు నుంచి పైకి పదహారు రాతి మెట్లు. ఓడ దిగిన ప్రతి మనిషీ వాటి మీదుగానే ఎక్కాలి. సముద్రం నుంచి వచ్చి, ఊరు పేరు తప్పు రాయించుకుని, ఒక నంబరు తీసుకుని తోటకు పోవాలి. గుమస్తా చెవికి ఏది వినిపిస్తే అదే పేరు. ఆ ఒంటి పేర్లే తర్వాత ఇంటి పేర్లయ్యాయి. అప్పడు, సన్యాసి లాంటి పేర్లు అక్కడ ఇంటి పేర్లుగా కనిపించడానికి కారణం అదే.

ఆ రికార్డులు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. చాలా కుటుంబాలు తమ ముత్తాతల కాగితం అక్కడే వెతుక్కుంటాయి. ఫ్రెండ్ వాళ్ల ఇంట్లో అలాంటి కాపీ ఒకటి ఫ్రేము కట్టి ఉంది. నంబరు ఉంది, వయసు ఉంది. ఊరి పేరు మాత్రం ఎవరూ పోల్చుకోలేని స్పెల్లింగ్‌లో ఉంది. అంటే తమది ఏ ఊరో వాళ్లకు ఇప్పటికీ తెలియదు. ఇదంతా ముందు రోజే చూసి ఉంటే ఆ రీల్ వేసేదాన్ని కాదు. అందుకే చెబుతున్నా, పండుగకు ముందే ఆప్రవాసీ ఘాట్ చూడండి. బీచ్ ఎక్కడికీ పోదు.

సాయంత్రం అమ్మమ్మ దగ్గర కూర్చుని తప్పు ఒప్పుకున్నాను. మనవరాలు క్రియోల్‌లో చెప్పింది. ఆమెకు రీల్ అంటే ఏంటో పెద్దగా పట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది: మీ ఊరు సింహాచలం పక్కనేనా?

కాదని చెప్పాను. మా ఊరి నుంచి సింహాచలానికి ఒక రాత్రంతా రైల్లో పోవాలి. నేనూ ఎప్పుడూ చూడలేదని చెప్పేసరికి ఆమె చాలా ఆశ్చర్యపోయింది. ఇంత దగ్గరుండి పోలేదా?

తిరిగొచ్చాక

మా ఊరి పేరు 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా నుంచి వచ్చిందంటారు. గద్దెనెక్కక ముందు ఆయన అన్నకు భయపడి విజయనగరంలో తలదాచుకున్నాడు. ఏడేళ్లు పరాయి రాజ్యంలో అతిథి. తెలుగు అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడు అని తమవాడిని చేసుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ ఏడేళ్లలో మొదటి రోజు ఆయన తెలుగు ఎలా ఉండి ఉంటుంది? "మళ్లీ చెప్పండి" అని ఎవరైనా పగలబడి నవ్వి ఉంటే? చెరువు కట్ట మీదుగా వెళ్లినప్పుడల్లా ఇప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

అక్షయ తృతీయకు ముందే వీలు చూసుకుని వైజాగ్ రైలెక్కాను. సింహాచలం కొండ మీద లోపల ఫోన్లు తీయనివ్వరు. బయట మెట్ల దగ్గర నిలబడి గోపురం కనిపించేలా ఒక ఫోటో తీశాను. ఎక్కడా పోస్ట్ చేయలేదు. ఫ్రెండ్‌కు ఒక్కదానికే పంపాను, అమ్మమ్మకు చూపించమని.

గంట తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక ఏవో నవ్వులు, గిన్నెల చప్పుడు. ఆ తర్వాత అమ్మమ్మ గొంతు, నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ:

"బాగుంది. మళ్లీ రా. కూకో, మాంజే."